చివరి బంతికీ అదే పలావు



మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో విందు తలపెట్టినవాళ్ళు వంటమేస్త్రీని పిలిపించి మొట్టమొదట అడిగే మాట ఒకటుంది. "బాబాయ్, మూడొందల మందికి పలావు. బియ్యం ఎన్ని కేజీలు పట్టిద్ది?" చేయి తిరిగిన మేస్త్రీ దానికి వెంటనే లెక్క చెప్పడు. "బంతులు ఎన్ని లేస్తయ్యి?" అని ఎదురు అడుగుతాడు. మూడు వందల మంది ఒకేసారి కూర్చుంటారా, వందేసి మంది చొప్పున మూడు బంతులా, లేక పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా వచ్చేవాళ్ళు వస్తూ పోయేవాళ్ళు పోతూ ఉంటారా? అది తేలితే తప్ప ఎన్ని డేగిసాలు ఎక్కించాలో, ఏది ఎప్పుడు దించాలో ఆయన చెప్పలేడు. పెద్దవంట గురించి ఈ పది పదిహేను నిమిషాల్లో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మొదటి బంతికి కూర్చున్నవాడి ఆకులో ఏ పలావు పడిందో, చివరి బంతికి కూర్చున్నవాడి ఆకులోనూ అదే పలావు పడాలి. అంతే వేడిగా, అంతే పొడిగా, అన్నే ముక్కలతో. అది మంచి మనసు ఒక్కటుంటే జరిగే పని కాదు. దానికి పొయ్యి దగ్గర విద్య కావాలి.

కలిసి తినడం అన్నది ఈ నేలకు కొత్త కాదు. పన్నెండో శతాబ్దంలో పల్నాటి బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టాడు. కులమేదైనా అందరూ ఒకే చాప మీద కూర్చుని ఒకే వంట తినాలన్నాడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనానిని చేసినవాడు, పంక్తిలో మాత్రం ఎలా విడిగా కూర్చోబెడతాడు? కారెంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే పల్నాటి వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. ఎనిమిది వందల ఏళ్ళు దాటిన తర్వాత కూడా ఒక భోజనాన్ని తలుచుకుంటున్నారంటే, ఆ భోజనం ఎంతమంది కడుపుమంటకు సమాధానమై ఉంటుందో ఆలోచించండి.

అయితే ఆనాటి చాప మీద వరి అన్నమే ఉండి ఉంటుందని నేననుకోను. పల్నాడు జొన్నకూటి సీమ. ఇక్కడి జొన్నకూడు తినలేక శ్రీనాథుడు చాటువుల్లో మొత్తుకున్న సంగతి మీకు తెలిసిందే. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలేదాకా ఈ మెట్టప్రాంతాల్లో జొన్న, సజ్జ, వరిగ ఇవే రోజువారీ కూడు. వరి అన్నం పండక్కి, పెళ్ళికి, చుట్టం వస్తే. మా పెద్దవాళ్ళు 'తెల్లన్నం' అని పలికేటప్పుడు ఆ గొంతులో ఉండే గౌరవం ఇప్పటి పిల్లలకు తెలియదు. అందుకే ఈ ప్రాంతంలో బియ్యంతో చేసే పెద్దవంట ఏదైనా సరే, పులిహోర కానీ, చక్కెర పొంగలి కానీ, మాంసం పలావు కానీ, దానికి ఇప్పటికీ పండగ కళ పోలేదు.

పలావు సంగతికే వద్దాం. మాంసం, బియ్యం, ఉల్లిపాయ, మసాలా అన్నీ ఒకే పాత్రలో ఉడికే వంట ఇది. ఎవరెవరి విందుల్లో ఉంటుందో చూడండి. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చినప్పటి నుంచి మన జిల్లాల్లో లూథరన్ సంఘాలు, ఆ తర్వాత ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు సంఘాలు పెరిగాయి. ఈనాడు ఈ చర్చిల్లో క్రిస్మస్‌కో, కొత్త సంవత్సరానికో జరిగే ప్రేమవిందులో చాలాచోట్ల ఆకులో కనపడేది కోడి పలావు, పెరుగు చట్నీ. ముస్లింల ఇళ్ళ విందుల్లో పలావు ఎలాగూ ఉంటుంది. ఓణీల ఫంక్షనైనా, గృహప్రవేశమైనా, మిరపకోతలు అయిపోయాక దేవర పెట్టుకున్నా అదే వంట. కూర వేరు, అన్నం వేరు అన్న పని లేదు కాబట్టి వడ్డన తేలిక. వంట మాత్రం తేలిక కాదు.

ఇప్పుడు లెక్కలు చెబుతాను. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

పలావే ప్రధానంగా పెట్టే విందులో కేజీ బియ్యం ఎనిమిది తొమ్మిది మందికి వస్తుంది. మూడు వందల మందికి 36 కేజీల బియ్యం, 36 కేజీల కోడిమాంసం. ఉల్లిపాయలు తొమ్మిది కేజీలు, అల్లంవెల్లుల్లి ముద్ద మూడు కేజీలు, పచ్చిమిరపకాయలు కేజీన్నర నుంచి రెండు, నూనె నాలుగైదు లీటర్లు, పైన చల్లడానికి కేజీ నెయ్యి. పుదీనా, కొత్తిమీర కట్టల లెక్కన కాక గంపల లెక్కన తెప్పించుకోవాలి. ముక్క కొట్టించేటప్పుడు దగ్గర ఉండండి. కేజీకి 17 ముక్కలు చొప్పున కొడితే 36 కేజీలకు 612 ముక్కలు. మనిషికి రెండు వస్తాయి. కేజీకి పన్నెండే కొడితే 432. అప్పుడు మొదటి బంతి వాళ్ళకు రెండేసి వేసి, చివరి బంతికి రసం అన్నం వడ్డించాల్సి వస్తుంది. చివరి బంతికి జరిగే అన్యాయం కోడిమాంసం కొట్టులోనే మొదలవుతుందన్నమాట.

కారం సంగతి మన ప్రాంతంవాళ్ళకు నేను చెప్పాలా అనిపిస్తుంది కానీ, చెప్పాల్సిందే. ముక్కకు పట్టించే కారం తేజ కాయదైతే చేయి బాగా వెనక్కి లాగాలి. తేజలో ఘాటు ఎక్కువ. లాం ఫారంలో తయారైన 334 రకం అయితే ఘాటు కాస్త నెమ్మది. చిన్నపిల్లలూ, ముసలివాళ్ళూ, ఊరు కాని ఊరు నుంచి వచ్చిన చుట్టాలూ తినే వంట కాబట్టి మన నాలుకను కొలతగా పెట్టుకోకూడదు. కారం కావలసినవాళ్ళకు పక్కన గోంగూర పచ్చడి ఉంటుంది.

బియ్యం పాతవి కావాలి. ఇది ఎంత చెప్పినా తక్కువే. బాపట్ల వరి పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, మనం సాంబమసూరి అనే సన్నబియ్యం, దేశమంతా తింటోంది. మన ఇంటి బియ్యం అది. ఏడాది మాగిన సాంబమసూరితో పలావు చేస్తే మెతుకు మెతుక్కీ అంటుకోదు. కొత్త బియ్యంతో చేస్తే పైనున్న అన్నం బరువుకే అడుగున మెతుకు చితికి ముద్దవుతుంది. ఇంట్లో రెండు గ్లాసులు వండినప్పుడు ఈ తేడా అంతగా కనపడదు. గుండిగలో జానెడు మూరెడు ఎత్తున అన్నం నిలబడినప్పుడు కనపడుతుంది. చిట్టిముత్యాలు దొరికితే వాసనకు దానికి సాటి లేదు. కాకపోతే అది పొట్టి గింజ, నీళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి.

ఇక పొయ్యి. గ్యాసుపొయ్యిలు వచ్చాక గాడిపొయ్యి తవ్వేవాళ్ళు తగ్గిపోతున్నారు. గాలి వచ్చే వైపు నోరు పెట్టి, నేలలో పొడుగ్గా కందకంలా తవ్వి, దాని మీద వరసగా గుండిగలు ఎక్కిస్తారు. మనది నల్లరేగడి. ఎండితే బీటలిస్తుంది, తడిస్తే జారుతుంది. నిండు గుండిగ ఒక పక్కకు ఒరిగిందంటే వంటే కాదు, మనిషీ కాలిపోతాడు. అందుకే గాడి అంచులకు ఇటుక కట్టాలి. పల్నాటిలో నాపరాయి చేతికి దగ్గరగా ఉంటుందని దాన్ని పెట్టేవాళ్ళున్నారు. వద్దు, వేడికి అది పగులుతుంది. మంట రాజేయడానికి పత్తికట్టె, మిరపకట్టె, కందికట్టె మన చేలల్లో కావలసినంత. భగ్గున అంటుకుంటాయి, అంత వేగంగానూ చల్లారతాయి. ఎసరు మరిగించడానికి ఆ మంట సరిపోతుంది కానీ, దమ్ముకు నిలవదు. దమ్ముకు తుమ్మమొద్దు కావాలి. తుమ్మనిప్పు గంటల తరబడి కణకణలాడుతూ ఉంటుంది.

36 కేజీల బియ్యాన్ని ఒకే పాత్రలో పోయడం పెద్ద పొరపాటు. మూడు డేగిసాలు, ఒక్కోదానిలో 12 కేజీలు. మూడూ ఒకేసారి ఎక్కించకూడదు. మొదటిది పొయ్యెక్కిన అరగంటకు రెండోది, ఇంకో అరగంటకు మూడోది. ఒక బంతి లేచి ఆకులు ఎత్తి, నేల తుడిచి, మళ్ళీ ఆకులు వేయడానికి పట్టే వ్యవధిని బట్టి ఈ ఎడం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బంతులెన్ని అని మేస్త్రీ మొదట అడిగింది ఇందుకే.

ముందు నూనె బాగా కాగాలి. చెక్క, లవంగం, యాలకులు, బిరియానీ ఆకు వేశాక ఉల్లిపాయలు. ఇంట్లో పది నిమిషాల్లో ఎర్రబడే ఉల్లిపాయ ఇక్కడ ముప్పావుగంట తీసుకుంటుంది. మూడు కేజీల ఉల్లిపాయలోని నీరంతా ఇగిరిపోయాక గానీ అది వేగడం మొదలుపెట్టదు. తొందరపడి ఇక్కడ అల్లంవెల్లుల్లి వేసేస్తే పలావు జీవితంలో రంగు తేలదు, పచ్చివాసన పోదు. పెద్దవంటలు చెడిపోయేది ఎక్కువగా ఈ ముప్పావుగంటలోనే అని నా గట్టి అభిప్రాయం. విందు పెట్టే పెద్దమనిషి వచ్చి "ఇంకా ఎంతసేపు?" అని అడగగానే మేస్త్రీ చెయ్యి తడబడుతుంది. దయచేసి అడగకండి. ఉల్లిపాయ ఎర్రబడ్డాక అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, పుదీనా, ఆపైన ముక్కలు. ముక్కలోంచి ఊరిన నీరు ఇగిరి నూనె పైకి తేలేదాకా అబ్బకతో అడుగు నుంచి తిప్పుతూనే ఉండాలి.

తర్వాత ఎసరు. ఇంట్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోస్తాం. ఆ లెక్కనే డేగిసాలో పోస్తే జావ అవుతుంది. ఎందుకంటే పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపైతే లోపల పట్టే సరుకు ఎనిమిదింతలవుతుంది. ఆవిరి బయటకు పోయే పైభాగం మాత్రం నాలుగింతలే అవుతుంది. సరుకుతో పోల్చితే ఆవిరయ్యే నీళ్ళు సగానికి పడిపోతాయి. అందుకని అరగంట నానిన బియ్యం ఒక కొలతకు ఒకటిన్నర కొలత నీళ్ళు, కోడి నుంచి ఇంకా నీరు మిగిలి ఉంటే అందులో ఇంకాస్త కోత. ఉప్పూ, మసాలా కూడా ఇంతే. ఇంట్లో వంద సార్లు వండిన కొలతను వందతో హెచ్చవేస్తే తినలేం. ముందు లెక్క కన్నా తగ్గించి వేసి, ఎసరు తెర్లుతుండగా అరచేతిలో వేసుకుని రుచి చూడాలి. నాలుక్కి ఎసరులో ఉప్పు ఒక్క పిసరు ముందుండాలి. బియ్యం పడ్డాక అది సర్దుకుంటుంది.

బియ్యం పోశాక ఒకటి రెండుసార్లు నెమ్మదిగా కలపాలి, అంతకన్నా ఎక్కువ కలిపితే గింజ విరుగుతుంది. నీళ్ళు ఇంకి, అన్నం ఇంకా పలుకు మీద ఉండగానే కింద మంట లాగేయాలి. ఇంట్లో అన్నం పూర్తిగా ఉడికాక దించుతాం. ఇక్కడ అలా చేస్తే, ఆ పెద్ద రాశిలో నిలవున్న వేడికి దించిన తర్వాత కూడా ఉడికి మెత్తబడిపోతుంది. అడుగున పల్చగా నిప్పులు, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద, మూత మీద మరి కాసిని తుమ్మనిప్పులు. పాతిక నిమిషాలు, అరగంట. ఆ అరగంటా ఎవరు వచ్చి అడిగినా మూత తీయకూడదు.

వడ్డనలోనూ విద్య ఉంది. తెలియనివాడు డేగిసాలో పైపైన తీస్తాడు. అన్నం పైన, ముక్కా మసాలా అడుగున. మొదటి బంతికి తెల్లటి అన్నం, చివరికి మాడు, నూనె. తెలిసినవాడు ఒక అంచున అడుగు దాకా నిలువుగా గరిట దించి పైకి లేపుతాడు. ఆ ఒక్క ఎత్తులో అన్నం, ముక్క, మసాలా అన్నీ వస్తాయి. అలా ఒక పక్క నుంచి గోడ తవ్వినట్టు తీసుకుంటూ పోతాడు. తీసిన ప్రతిసారీ మూత పడాలి.

ఇక్కడ ఒక ముక్క దూరదేశం గురించి చెబుతాను. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో గొంజాలెస్ అనే ఊరుంది. జంబలాయ అనే వంటకు అది రాజధాని అని పేరు. ఆ ఊళ్ళో ఏటా జాతర లాంటి పండగ చేస్తారు, పోటీలు పెట్టుకుంటారు. పెద్ద పెద్ద పోతఇనుము బాండీలు, కట్టెల మంట. మాంసం ఎర్రగా వేయించడం, ఉల్లిపాయ, నీళ్ళు, బియ్యం, మూత. వరస అంతా మనదే. అందులోకి వాళ్ళు వేసే కేయెన్ మిరప మన మిరపకు చుట్టమే. మిరప పుట్టిల్లే ఆ అమెరికా ఖండాలు. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది. గుంటూరు మిర్చి యార్డు నుంచి ఇవాళ ప్రపంచానికి మిరప ఎగుమతవుతోంది. నన్ను ఆకట్టుకున్నది ఏమిటంటే, అక్కడి వంటవాళ్ళూ మన మేస్త్రీల్లాగే నీళ్ళ లెక్కా, మూత తీయకపోవడమూ ఈ రెంటినే గట్టిగా పట్టుకుంటారు. ఏ దేశమైనా బియ్యానిది ఒకటే స్వభావం కదా.

మళ్ళీ మన నేల మీదికి వద్దాం. బాపట్ల దగ్గర జిల్లెళ్ళమూడిలో అమ్మగా అందరూ పిలిచే అనసూయాదేవి 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళ కులం, మతం, ఊరు అడగకుండా ముందు భోజనానికి కూర్చోబెట్టడం అక్కడి పద్ధతి. ఆ ఊరు పల్లెటూరు, దారి కూడా సరిగా లేని రోజులు. 1973లో ఆమె స్వర్ణోత్సవం జరిగినప్పుడు ఆ పల్లెలో లక్షమందికి పైగా భోజనం చేశారు. మామూలు అన్నం, పప్పు, కూరే అనుకోండి, లక్షమందికి వండటమంటే ఎన్ని గాడిపొయ్యిలు, ఎన్ని బళ్ళ కట్టెలు, ఎన్ని చేతులు! ఆ వంట వండిన వాళ్ళ పేర్లు ఎవరైనా ఒకచోట రాసిపెడితే ఎంత బాగుండునని నాకనిపిస్తుంది. కోటప్పకొండ తిరునాళ్ళకు పులిహోర కలిపే చేతుల విషయమూ అంతే. ప్రభల ఎత్తు చెప్పుకుంటాం, వాటి కింద అన్నం వండినవాళ్ళను చెప్పుకోం.

పులిహోర అన్నాను కాబట్టి ఒక ముఖ్యమైన జాగ్రత్త. పులిహోర పొద్దున కలిపితే సాయంత్రం దాకా నిలుస్తుంది, ప్రయాణాల్లో కట్టుకుపోతాం. చింతపండు పులుపు సూక్ష్మజీవుల్ని పెరగనీయదు. మాంసం పలావుకు ఆ రక్షణ లేదు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి గింజ కట్టిన రూపంలో ఉండి, ఉడికించినా చావదు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే లేచి పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. డేగిసా నిండా ఉన్న పలావు పైన చల్లారినట్టు కనిపించినా, నడిమధ్యలో రాత్రంతా గోరువెచ్చగానే ఉంటుంది. కాబట్టి వడ్డించేదాకా 60 డిగ్రీలకు తగ్గకుండా నిప్పుల మీదే ఉంచాలి. దించాక నాలుగు గంటలు దాటనీయకూడదు. మిగిలేలా ఉంటే వేడి మీదే పొట్లాలు కట్టి పక్క వీధికి పంపేయండి. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరపకోతలకు పిల్లాపాపలతో వచ్చి మన చేల గట్ల మీద గుడారాలు వేసుకున్న కూలి కుటుంబాలుంటాయి. వాళ్ళకు ఆ పూటే అందేలా చూడండి. తెల్లారి పారేసేది కాదు, సాయంత్రం తినగలిగేది ఇవ్వాలి. ఇత్తడి గుండిగలో పులిహోర కలిపేవాళ్ళు కళాయి పోయించారో లేదో చూసుకోండి. కళాయి లేని ఇత్తడిలో చింతపండు చిలుమెక్కుతుంది.

ఈ విద్య ఇవాళ ఎవరి దగ్గర ఉంది? కొంత పెద్ద మేస్త్రీల దగ్గర. చాలా మటుకు మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళ దగ్గర. రోజూ వంద, రెండొందల మంది పిల్లలకు వండుతూ, నీళ్ళ లెక్కా ఉప్పు లెక్కా చేతిలో నిలుపుకున్నది వాళ్ళే. వాళ్ళకు అందేది పేరుకు గౌరవవేతనం. ఊళ్ళో విందు జరిగినప్పుడు పట్నం నుంచి క్యాటరింగు వాళ్ళను రప్పించే ముందు, ఆ అమ్మల్ని పిలిచి అడగండి, తగిన కూలి ఇచ్చి పని అప్పగించండి. మీ ఇంటి పిల్లల్ని, మగపిల్లల్ని కూడా, ఉల్లిపాయ కోసే దగ్గరి నుంచి దమ్ము దించేదాకా వాళ్ళ పక్కన నిలబెట్టండి.

చివరగా ఒక మనవి. ప్రతి విందులోనూ అందరికన్నా ఆఖరున కూర్చునే బంతి ఒకటుంది. వంటవాళ్ళు, వడ్డించినవాళ్ళు, ఆకులెత్తినవాళ్ళు, గుండిగలు తోమడానికి కూర్చున్నవాళ్ళు. చాలా ఇళ్ళల్లో వాళ్ళ దాకా వచ్చేసరికి అడుగంటిన మాడే మిగులుతుంది. మేస్త్రీకి మనుషుల లెక్క చెప్పేటప్పుడు వాళ్ళనూ ఆ లెక్కలో కలిపి చెప్పండి. మూడో డేగిసా మూత తీయగానే వాళ్ళ వాటా ముక్కలతో సహా ముందే తీయించి, నిప్పుల మీద వేడిగా పక్కన పెట్టించండి.